నీటిని మరచిన వృత్రుడు

పురాణపాత్రలు పుట్టినచోటనే నిలిచి ఉండవు. అవి కాలంతోపాటు ప్రయాణం చేస్తాయి. ఒక కవి చేతిలో రాక్షసుడైనవాడు మరొక కవి చేతిలో మహాత్ముడవుతాడు. అటువంటి ప్రయాణం చేసిన పాత్రలలో వృత్రాసురుడు ఒకడు. ఋగ్వేదంలో మహాసర్పంగా కనిపించిన అతడు భాగవతంలో పరమభక్తుడయ్యాడు. ఈ శతాబ్దంలో జపాను దేశీయులు రూపొందించిన ఒక వీడియో గేమ్‌లో డ్రాగన్ అయ్యాడు. ఆ ఆట పేరు ‘ఫైనల్ ఫాంటసీ’. నేటి విద్యార్థులలో కొందరు వృత్రుని పేరు మొదటిసారి ఆ ఆటలోనే విన్నారంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

1987లో స్క్వేర్ అనే సంస్థ ప్రారంభించిన ఈ ఆటల వరుసలో, ఆడేవారు ఒక పాత్రను ధరించి కల్పితలోకంలో సాహసయాత్ర చేస్తారు. ఆ లోకానికి కావలసిన దేవతలను, మృగాలను రూపకర్తలు అనేక దేశాల పురాణాల నుండి స్వీకరించారు. శివుని పేరును ఒక మంచుదేవతకు పెట్టారు! 2002లో వెలువడిన పదకొండవ ఆటలో వృత్రుడు ఒక ప్రాచీనరాజు సమాధిలో దాగి ఉండే భయంకరమైన డ్రాగన్. ఆటగాళ్ళు జట్టు కట్టి వానిని వధించడానికి పూనుకుంటారు. 2021 డిసెంబరులో పదునాలుగవ ఆటకు ‘ఎండ్‌వాకర్’ అనే కొనసాగింపు వచ్చింది. అందులో వృత్రుడు శత్రువు కాడు. మన దేశాన్ని తలపించే ఒక ద్వీపానికి అతడే పాలకుడు. తాను తెరవెనుక ఉండి మరొకరిని ముందు నిలిపి పరిపాలిస్తుంటాడు. విపత్తు ముంచుకొచ్చినప్పుడు తన నిజరూపంతో ప్రజల ఎదుటికి వచ్చి, వారిని కాపాడడానికి పూనుకుంటాడు.

మన పురాణాలను పరదేశీయులు తారుమారు చేస్తున్నారని కొందరు పెద్దలు బాధపడుతుంటారు. మంచుదేవత విషయంలో ఆ బాధను అర్థం చేసుకోవచ్చు. వృత్రుని విషయంలో మాత్రం నేను వారితో ఏకీభవించలేను. ఎందుకంటే, ఆ ఆటకంటె ఎన్నో శతాబ్దాల ముందే మనవారు వృత్రుని మార్చివేశారు.

ఋగ్వేదం మొదటి మండలంలోని ముప్పదిరెండవ సూక్తంలో వృత్రుడు కొండపై పడుకొని నీటిని నిరోధించిన సర్పం. ‘వృ’ అనే ధాతువుకు కప్పడం, అడ్డగించడం అని అర్థం. ఇంద్రుడు వజ్రాయుధంతో ఆ సర్పాన్ని చంపి, కొండలను చీల్చి, నీటిని విడిపిస్తాడు. అక్కడ కథ సూటిగా ఉంది. పురాణాలలోకి వచ్చేసరికి చిక్కులు పడింది. తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు చంపగా, త్వష్ట పగబట్టి యజ్ఞం చేశాడు. ఆ హోమగుండం నుండి వృత్రుడు పుట్టాడు. యజ్ఞంలో ‘ఇంద్రశత్రు’ అనే సమాసాన్ని ఉచ్చరించేటప్పుడు స్వరం తప్పిందని సంప్రదాయం చెబుతుంది. తత్పురుషంగా పలికితే ఇంద్రుని చంపేవాడు అని అర్థం. బహువ్రీహిగా పలికితే ఇంద్రుడే ఎవనికి చంపేవాడో అతడు అని అర్థం. సమాసాలు పరీక్షలో మార్కుల కోసమే అనుకునే విద్యార్థులు ఈ కథను ఒకసారి తలచుకోవాలి!

పోతన భాగవతంలోని ఆరవ స్కంధాన్ని రచించినవాడు ఏర్చూరి సింగన. ఆ స్కంధంలోనే వృత్రాసుర వృత్తాంతం ఉంది. పూర్వజన్మలో చిత్రకేతువనే రాజైన వృత్రుడు, పార్వతీదేవి శాపం వల్ల అసురుడైనా భక్తిని విడిచిపెట్టలేదు. యుద్ధంలో ఇంద్రుని చేతినుండి వజ్రం జారిపడి, అతడు సిగ్గుతో నిలిచిపోతే, ఆయుధాన్ని తీసుకొని యుద్ధం చేయమని వృత్రుడే అతనికి ధైర్యం చెబుతాడు. ఇంతటి శత్రువును చంపిన తరువాత ఇంద్రునికి సంతోషం దక్కలేదు. హత్యాపాపానికి వెరచి తామరతూటిలో దాగవలసి వచ్చింది. ఇది చదివినవారికి జపాను ఆటలోని దయామయుడైన డ్రాగన్ వింతగా తోచడు. ఆ రూపకర్తలు భాగవతం చదివారో లేదో గానీ, భాగవతం నడిచిన దారికి దగ్గరలోనే నడిచారు.

అయితే ఈ ప్రయాణంలో పోయినది ఒకటుంది. అది నీరు. ఆ ఆటలో వృత్రునికి రాజ్యం ఉంది, కరుణ ఉంది, తోబుట్టువులున్నారు. నీటితో అతనికున్న ప్రాచీనసంబంధం మాత్రం కనిపించదు. ఆటనే అనడమెందుకు? మన తరగతి గదులలో కూడా వృత్రవధ అనగానే దధీచి త్యాగం, వజ్రాయుధం అంటాం. అసలు యుద్ధం దేనికోసమో చెప్పుకోవడం తక్కువ.

గుంటూరు, ప్రకాశం మైదానాలలో పుట్టిన విద్యార్థికి ఈ సంగతి పుస్తకాలలోనే చదవవలసినది కాదు. మిరపనారు నాటిన తరువాత వాన మొహం చాటేస్తే ఇంట్లో ఎంత నిశ్శబ్దం అలముకుంటుందో అతనికి తెలుసు. నల్లరేగడి తేమను కొంతకాలం దాచుకుంటుంది కనుక పత్తి ఓర్చుకుంటుంది. మిరప అంతగా ఓర్చుకోలేదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుండి 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ పల్నాటి మీదుగా ప్రకాశం నేలలదాకా సాగింది. ఆ కాలువ తాకని పశ్చిమ ప్రకాశం మెట్టలకు కృష్ణాజలాలను మళ్ళించాలని వెలిగొండ ప్రాజెక్టును తలపెట్టారు. శ్రీశైలం జలాశయం నుండి నీరు రావాలంటే నల్లమల అడ్డు. అందుకని ఆ కొండల గర్భంలో రెండు సొరంగాలు తొలిచారు. ఒక్కొక్కటి పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా ఉంటుంది. రెండవ సొరంగం తవ్వకం 2024లో పూర్తయింది. కొండను చీల్చి నీటిని తెచ్చే వేదకథ మన కళ్ళముందు, యంత్రాల మోతతో, ఏళ్ళ తరబడి నడిచింది.

ఇంతవరకు వేదకథ మనకు సరిపోతుంది. కాలువ చివరి భూముల దగ్గరకు వచ్చేసరికి సరిపోదు. సాగర్ కుడికాలువ ఆయకట్టులో చివరి రైతుకు నీరందకపోతే దానికి కారకుడు కొండమీది సర్పం కాదు. నీటిఎద్దడి ఏడాదిలో ఎగువ రైతు తన చేను ఎండిపోతుందనే భయంతో తూము దగ్గర కాస్త ఎక్కువ నీరు మళ్ళించుకుంటాడు. అతడు దుర్మార్గుడు కాడు. దిగువ రైతుకు బంధువు కూడా కావచ్చు. అటువంటివానిమీద ఏ వజ్రాయుధాన్ని ప్రయోగించగలం? ఎదుటివానిలోనూ ధర్మముందని గుర్తించిన భాగవతకథే ఇక్కడ మనకు దగ్గరది. ఇంద్రుని గెలుపులోని పాపాన్ని కూడా ఆ కథ దాచలేదు.

కంప్యూటరు చదువులు చదివి, వీడియో గేమ్‌లను రూపొందించే పనిలో ప్రవేశిస్తున్న తెలుగు యువతీయువకులు నేడు ఉన్నారు. వారు వృత్రునితో ఒక ఆటను తయారుచేస్తే, కత్తి దూసి డ్రాగన్‌ను నరికే ఆట మరొకటి అనవసరమని నా అభిప్రాయం. అవి లోకంలో కావలసినన్ని ఉన్నాయి. ఎగువన పత్తి, దిగువన మిరప, నడుమ ఒక కాలువ, ఇద్దరికీ చాలని నీరు ఉండే ఆటను ఊహించండి. తూము తలుపు దగ్గర ఆడేవారిని నిలబెట్టండి. తలుపు ఎంత ఎత్తాలో, ఎన్ని రోజులు ఎత్తి ఉంచాలో వారే నిర్ణయించాలి. వారికి ఎదురుగా కాలువకట్టమీద చుట్టచుట్టుకొని వృత్రుడు చూస్తూ ఉంటాడు.