ఎదుటి మాటకు మన మాట

రాతప్రతి లేదు, రిహార్సల్ లేదు. ప్రేక్షకుల్లోంచి ఒకరు ‘రైల్వే స్టేషన్’ అంటారు, ఇంకొకరు ‘తప్పిపోయిన మేనత్త’ అంటారు. ఆ రెండు మాటల మీద నలుగురు నటులు అక్కడికక్కడే ఒక కథ అల్లి, పావుగంటసేపు హాలంతా నవ్వించి దిగిపోతారు. ఇంప్రావ్ కామెడీ అని పిలుచుకునే ఈ ఆశు హాస్యం పెరిగి పెద్దదైన ఊరు షికాగో. చూసేవారికి ఇది గడుసువాళ్ళ విద్యలా కనిపిస్తుంది. తడుముకోకుండా మాటకు మాట రావాలి, సమయస్ఫూర్తి పుట్టుకతోనే ఉండాలి, మనవల్ల అయ్యే పని కాదు అనిపిస్తుంది. కానీ ఈ ఆటలు మొదట ఎవరి కోసం పుట్టాయో తెలిస్తే ఆ అభిప్రాయం నిలవదు. అవి పుట్టింది నటుల కోసం కాదు, పేద వలస కుటుంబాల పిల్లల కోసం.

ఇటలీ, గ్రీస్, రష్యా వంటి దేశాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారు కిక్కిరిసిన షికాగో పేటలో 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ హల్ హౌస్ అనే సేవాకేంద్రం నెలకొల్పారు. ఆటపాటలతో జనాన్ని ఎలా దగ్గర చేయవచ్చో నెవా బాయిడ్ అక్కడ నేర్పేవారు. 1920లలో ఆమె దగ్గర శిక్షణ పొందిన వయోలా స్పోలిన్, ఆర్థిక మాంద్యం ఇంకా వదలని 1939లో, ప్రభుత్వ ఉపాధి పథకం కింద నడిచిన వినోద కార్యక్రమంలో నాటక పర్యవేక్షకురాలయ్యారు. ఆమె ముందున్న పిల్లలది తలా ఒక దేశం, తలా ఒక భాష. ‘ఇలా నిలబడు, ఇలా నటించు’ అంటే బిగుసుకుపోయేవాళ్ళు, అదే పనిని ఆటగా పెడితే ఇట్టే కలిసిపోతారు. అందుకే నటన నేర్పడానికి ఆమె ఆటలు కల్పించారు. 1963లో అవన్నీ పుస్తకంగా వచ్చాయి. నేటికీ ఇంప్రావ్ తరగతుల్లో ఆడేవాటిలో చాలా భాగం వాటి సంతానమే.

అద్దం ఆటనే తీసుకోండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు నెమ్మదిగా చెయ్యెత్తితే, రెండోవారు ఆ మనిషి ప్రతిబింబంలాగా అంతే నెమ్మదిగా ఎత్తాలి. కాసేపటికి గురువు ‘మార్చండి’ అంటారు, ఇప్పుడు రెండోవారు నడిపిస్తారు. అలా మార్చుతూ మార్చుతూ చివరికి ఎవరూ నడిపించవద్దంటారు. ఇద్దరూ అవతలివారినే అనుసరించాలి. అప్పటిదాకా తన చెయ్యి ఎలా కనబడుతోందోనని సిగ్గుపడిన మనిషికి ఇక తన గురించి ఆలోచించే తీరికే ఉండదు, చూపంతా ఎదుటివారి భుజం మీద, వేళ్ళ మీద, ఊపిరి మీద ఉంటుంది. నోరు విప్పకుండానే మొదటి పాఠం అయిపోతుంది. లేని వస్తువులతో ఆడే ఆట ఇంకొకటి. ఒకరు లేని బల్ల మీద లేని గ్లాసు పెడతారు. తరవాత వచ్చినవారు ఆ బల్లలోంచి నేరుగా నడిచి వెళితే చూసేవాళ్ళు వెంటనే పట్టేస్తారు. బల్లను చుట్టి వెళ్ళి ఆ గ్లాసే అందుకుంటే, ఆ గదిలో అందరికీ బల్ల కనబడటం మొదలవుతుంది.

స్పోలిన్ కొడుకు పాల్ సిల్స్ ఈ ఆటల్ని పెద్దవాళ్ళ వేదికకు తీసుకువెళ్ళారు. డేవిడ్ షెపర్డ్‌తో కలిసి 1955లో షికాగో విశ్వవిద్యాలయం దగ్గర కంపాస్ ప్లేయర్స్ బృందాన్ని, మరో ఇద్దరితో కలిసి 1959 డిసెంబర్ 16న సెకండ్ సిటీ నాటకశాలను ఆయన ప్రారంభించారు. ప్రేక్షకులు అందించిన మాటల మీద అప్పటికప్పుడు అల్లినవాటిలో బాగా పండినవాటికి సానపెట్టి అసలు ప్రదర్శనలో చేర్చుకోవడం సెకండ్ సిటీ పద్ధతి. ఆలన్ ఆర్కిన్, బిల్ మరే, టీనా ఫే, స్టీవ్ కారెల్ అందరూ అక్కడ పనిచేసినవారే. ఈ పేర్ల వెలుగులో తరగతి గది మరుగున పడింది. ఇప్పుడు ఆ తరగతులకు నటన జోలికి ఎన్నడూ పోని ఉద్యోగులూ గృహిణులూ వస్తున్నారు. అది ఈ కళ పలచబడటం కాదు, పుట్టింటికి తిరిగి రావడం.

అన్ని తరగతులకూ మూలసూత్రం ఒకటే. ఎదుటివారు అన్నదాన్ని కాదనకుండా ఒప్పుకోవాలి, దానికి మన వంతుగా ఒకటి కలపాలి. ‘అక్కా, బావిలో బకెట్ పడిపోయింది’ అని ఒకరు మొదలుపెట్టారనుకుందాం. ‘నేను నీకు అక్కనేమిటి? ఇక్కడ బావి ఎక్కడుంది?’ అంటే ఆ సన్నివేశం అక్కడే చచ్చిపోతుంది. ‘మళ్ళీనా? నిన్న పడినదాన్ని తియ్యడానికి దిగిన మీ బావే ఇంకా పైకి రాలేదు’ అంటే అక్క వచ్చింది, బావి వచ్చింది, బావగారు కూడా వచ్చారు. ఇందులో తెలివి ప్రదర్శన ఏమీ లేదు. విన్నది బకెట్ గురించి కాబట్టి బకెట్ గురించే మాట్లాడారు, అంతే. బ్రిటన్‌లో, తరవాత కెనడాలో ఈ కళను పెంచిన కీత్ జాన్‌స్టన్ శిష్యులకు పదేపదే చెప్పింది ఇదే: కొత్తగా ఏదో చెప్పాలని తాపత్రయపడవద్దు, మీకు మామూలుగా తోచిందే చెప్పండి. 1968 దాకా బ్రిటన్‌లో నాటకం ఆడాలంటే రాతప్రతిని ముందుగా లార్డ్ చాంబర్లిన్ కార్యాలయం చూసి ఒప్పుకోవాలి. రాతప్రతే లేని నాటకానికి అనుమతి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని జాన్‌స్టన్ తన బృందం ప్రదర్శనలను ప్రేక్షకుల ఎదుట చెప్పే పాఠాలుగా నడిపించారు.

స్పోలిన్ ఆలోచనల్లో మన తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ తప్పక చెప్పవలసింది ఒకటి ఉంది. మెప్పు కోసం ఎదురుచూసే అలవాటు, తిట్టు పడుతుందన్న భయం, రెండూ మనిషిని ఒకేలా కట్టిపడేస్తాయని ఆమె నమ్మారు. ర్యాంకుల మధ్య పెరిగిన మన పిల్లలకు జవాబు తెలిస్తేనే నోరు విప్పాలని అలవాటు చేశాం. నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయం నలభై ఏళ్ళు వచ్చినా వదలదు. మాట తడబడినా, ఆట తప్పినా అందరూ చప్పట్లు కొట్టి మళ్ళీ మొదలుపెట్టే గది ఒకటి ఉండటం చిన్న విషయం కాదు. నటుడు ఆలన్ ఆల్డా ఈ ఆటలతోనే శాస్త్రవేత్తలకు మామూలు జనంతో మాట్లాడటం నేర్పించారు, స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో 2009లో అందుకోసం ఒక కేంద్రమే వెలిసింది.

ఆశువుగా నవ్వించడం మనకు పరాయి విద్య కాదు. తోలుబొమ్మలాటలో రామాయణ కథ మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క దూకి ఆ ఊరి సంగతులే ఎత్తుకుంటారు. బుర్రకథలో హాస్యగాడు కథకుడి మాటను అందుకుని దానికి ఇంకో మాట అతికిస్తాడు. అవధానంలో అప్రస్తుత ప్రసంగి వేసే చిలిపి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పాల్సిందే. అయితే ఇవన్నీ ఏళ్ళ సాధన ఉన్నవారు చేస్తే మనం కూర్చుని ఆనందించేవి. కూర్చున్నవాళ్ళను లేపి, మీరూ రండి అని పిలిచే ఏర్పాటే మన దగ్గర తక్కువ.

తొందరలో పుట్టే నవ్వుకు ఒక ప్రమాదమూ ఉంది. ఏమీ తోచనప్పుడు చేతికి అందేది లావుపాటి మనిషి, నల్లని మనిషి, పక్క జిల్లా యాస, భార్య మీద జోకు. మన సినిమాలు, టీవీ కార్యక్రమాలు ఆ దారిని బాగా అరగదీశాయి. మంచి గురువు ఆటను అక్కడే ఆపి, ఆ పాత్రకు ఏం కావాలో చూడమంటారు. పాలమూరు యాసలో మాట్లాడే అమ్మాయి యాస వల్ల కాకుండా, బావిలోకి దిగిన బావగారి గురించి ఆమె పడే ఆదుర్దా వల్ల నవ్వు రావాలి. ఈ పట్టింపు లేని తరగతికి పిల్లల్ని పంపకపోవడమే మంచిది.

నగరాల్లో ఈ శిక్షణకు తీసుకునే రుసుము అందరూ భరించగలిగేది కాదు, మాటలు కూడా ఎక్కువగా ఇంగ్లిషులోనే సాగుతాయి. ప్రభుత్వ సొమ్ముతో పేదపిల్లల మధ్య ఎదిగిన ఆటలకు ఆ గతి పట్టనక్కరలేదు. వీటికి వేదిక అక్కర్లేదు, దీపాలు అక్కర్లేదు, వేషాలు అక్కర్లేదు. పదిహేను మంది తిరగడానికి చాలినంత గది, నాలుగు కుర్చీలు, ఓపిక ఉన్న ఒక గురువు చాలు. శ్రీకాకుళంలోనో, ఖమ్మంలోనో జిల్లా గ్రంథాలయ సంస్థ వారానికి ఒక సాయంత్రం తన హాలు తాళం తీసి ఇవ్వగలదు. నేర్పడానికి ఆ జిల్లాలోనే పరిషత్తు నాటకాల్లో తలపండినవారు ఉన్నారు, వాళ్ళను పిలిచి అడగాలి.