చలికాలం రాకముందే...

మత్తయి సువార్త 24వ అధ్యాయం మన సంఘాల్లో బాగా నలిగిన అధ్యాయం. యుద్ధాలు, కరువులు, భూకంపాలు అనే మాట వినబడగానే మన చేతులు ఆ పేజీ తిప్పుతాయి. పశ్చిమాసియాలో యుద్ధం మొదలైతే చాలు, ఆదివారం ప్రసంగాల్లో అంత్యదినాల సూచనల లెక్క కూడా మొదలవుతుంది. అయితే అదే అధ్యాయం నడుమ రెండు చిన్న వచనాలున్నాయి (మత్తయి 24:19, 20). వాటి దగ్గర మనం ఎక్కువసేపు నిలబడం. రాబోయే మహా విపత్తును గురించి చెబుతూనే యేసుప్రభువు గర్భిణులను, పాలిచ్చే తల్లులను తలచుకొని అయ్యో అన్నాడు. మీరు పారిపోయే రోజు చలికాలంలో రాకూడదని ప్రార్థించండి అన్నాడు. అంత పెద్ద సంగతుల మధ్య ఆయన మనసు చంకలో బిడ్డతో పరుగెత్తే తల్లి మీద, ఆమె తల మీద పడే వాన మీద నిలిచింది!

చలికాలం అని ప్రత్యేకంగా ఎందుకన్నాడు? మనకు వానాకాలం వేరు, చలికాలం వేరు. ఆ దేశంలో రెండూ ఒకటే. వేసవి అంతా చుక్క పడదు. అక్టోబరు దాటాక మబ్బులు పడతాయి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలు. ఏడాది పొడవునా ఎండి ఉన్న వాగులు ఒక్క పూటలో పొంగుతాయి. ఇల్లు వదిలి పారిపోయేవాడికి ముందు వాగు, వెనుక శత్రువు, పైన చలివాన. రోమీయులు క్రీ.శ. 70లో యెరూషలేమును నాశనం చేయడానికి ముందే అక్కడి క్రైస్తవులు యొర్దాను అవతల ఉన్న పెల్లా పట్టణానికి వెళ్లిపోయారని ప్రాచీన సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. నిర్వాసితులు కావడం అంటే ఏమిటో తొలి సంఘానికి బోధకుడు చెప్పనక్కరలేదు, అనుభవమే చెప్పింది.

ఆ యెరూషలేముకు వంద కిలోమీటర్ల దూరం కూడా లేని గాజాలో ప్రభువు వద్దన్న ఆ చలికాలపు పరుగు మన కళ్లెదుటే జరిగింది. 2023 అక్టోబరు 7న హమాస్ చేసిన దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ తర్వాత ఇజ్రాయెల్ చేసిన యుద్ధంలో గాజాలో చనిపోయినవారి సంఖ్య 70 వేలు దాటిందని అక్కడి ఆరోగ్యశాఖ 2025 నవంబరులో ప్రకటించింది. 365 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న నేల మీద దాదాపు 19 లక్షల మంది, అంటే పదిమందిలో తొమ్మిదిమంది, ఇల్లు విడిచారు. చాలామంది ఒకసారి కాదు, అనేకసార్లు విడిచారు. పరుపు, గిన్నెలు బండికెక్కించుకొని ఉత్తరం నుంచి దక్షిణానికి, మళ్లీ ఉత్తరానికి. ఖాన్ యూనిస్ పక్కన అల్ మవాసీ అనే సముద్రతీరపు ఇసుక మేటను ఇజ్రాయెల్ సైన్యం మానవతా ప్రాంతంగా ప్రకటించి జనాన్ని అక్కడికి వెళ్లమంది. లక్షలాది మంది ఆ ఇసుకలో గుడారాలు వేసుకున్నారు.

వరద అంటే ఏమిటో మనకు తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఎంత కష్టపడ్డామో మరచిపోలేదు. అయినా మనకు ఎక్కడానికి మేడ ఉంది, వెళ్లడానికి ఊళ్లో బంధువుల ఇల్లు ఉంది. పడవ వచ్చింది. నీరు తీశాక బురద కడుక్కోవడానికి ఇల్లంటూ ఒకటి మిగిలింది. గాజాలో గుడారం మునిగినవాడికి వీటిలో ఏవీ లేవు. పక్క గుడారమూ మునిగింది. బడులు అప్పటికే నిర్వాసితులతో నిండిపోయాయి, లేదా కూలిపోయాయి. నీరు తీశాక తిరిగి వెళ్లడానికి ఇల్లు లేదు.

ఆ నీరు కూడా వట్టి వాన నీరు కాదు. యుద్ధంలో మురుగు కాల్వలు, పంపింగ్ స్టేషన్లు దెబ్బతిన్నాయి. పంపులు తిప్పడానికి కరెంటు లేదు, డీజిల్ చాలదు. గాజా నగరంలో వాన నీరు చేరడానికి కట్టిన షేక్ రద్వాన్ చెరువు మురుగుతో నిండింది. వాన కురిస్తే ఆ నీరే పరుపుల కిందికి, వంటగిన్నెల్లోకి వస్తుంది. వెనుకే విరేచనాలు, చర్మవ్యాధులు, కామెర్లు వస్తాయి. గుడారం నిలవక పగుళ్లిచ్చిన ఇళ్లలో తలదాచుకుంటే నానిన గోడలు కూలి మీద పడతాయి.

అన్నిటికన్నా చలి పసిపిల్లలను ముందు తాకుతుంది. గాజాలో చలికాలపు రాత్రులు ఎనిమిది, పది డిగ్రీలు ఉంటాయి. మనలో కొందరికి అది పెద్ద చలి అనిపించకపోవచ్చు. కానీ తడిసిన గుడ్డలో ఉన్న శిశువుకు అది చాలు. పొడి గాలి కంటే నీరు ఒంట్లోని వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. పుట్టిన బిడ్డ ఒంట్లో కొవ్వు తక్కువ, వణికి వేడి పుట్టించుకునే శక్తీ లేదు. తల్లి కడుపునిండా తిని ఉంటే పాలైనా ఉంటాయి. 2024 డిసెంబరు చివర, 2025 జనవరి మొదట్లో ఆ గుడారాల్లో కొందరు శిశువులు చలికి చనిపోయారు. అప్పుడు ప్రపంచమంతా క్రిస్మస్ జరుపుకుంటోంది. పొత్తిగుడ్డలతో చుట్టిన శిశువును గూర్చి మనం పాటలు పాడుతున్నాం.

పోనీ, అది యుద్ధం నడుస్తున్న చలికాలం అనుకుందాం. తరువాతి చలికాలం సంగతి ఏమిటి? 2025 అక్టోబరు 10న కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది. బైరన్ తుపాను వచ్చింది డిసెంబరు రెండో వారంలో. నడుమ రెండు నెలలు! వాన వస్తుందని అందరికీ తెలుసు. అది భూకంపం కాదు, చెప్పకుండా రావడానికి. అయినా తుపాను వచ్చే వేళకు సుమారు 8 లక్షల మంది ముంపు ముప్పు ఉన్న చోట్లనే ఉన్నారని అంతర్జాతీయ వలసల సంస్థ హెచ్చరించింది. గుడారాలను నిలబెట్టే చెక్క, ప్లైవుడ్, ఇసుక బస్తాలు, నీటి పంపులు ఆంక్షల వల్ల ఆలస్యమవుతున్నాయని కూడా చెప్పింది. ఆ తుపానులో గోడలు కూలి కొందరు చనిపోయారు. చలికి మళ్లీ పసివాళ్లు చనిపోయారు.

ఇక్కడ రెండు పక్షాల మాటా వినాలి. ఇనుప గొట్టాలు, చెక్క, యంత్రాలు హమాస్ చేతికి చిక్కితే సొరంగాలకు, ఆయుధాలకు వాడుకుంటారు కాబట్టి సోదా తప్పదని ఇజ్రాయెల్ అంటోంది. గుడారాలు, టార్పాలిన్లు పెద్ద సంఖ్యలో పంపామని కూడా చెప్పింది. ఐక్యరాజ్యసమితి సహాయ సంస్థ ఉన్‌ర్వా ఉద్యోగుల్లో కొందరికి అక్టోబరు 7 దాడితో సంబంధముందని ఆరోపించి, ఆ సంస్థ పనిని 2025 జనవరి నుంచి చట్టంతో అడ్డుకుంది. 1950 నుంచి పాలస్తీనా శరణార్థుల మధ్య పనిచేస్తున్న సంస్థ అది. తొమ్మిదిమంది ఉద్యోగులకు ఆ దాడిలో పాత్ర ఉండివుండవచ్చని తేలడంతో ఐక్యరాజ్యసమితి 2024 ఆగస్టులో వారిని తొలగించింది. ఇక సహాయ సంస్థలేమో గుడారపు గుంజను కూడా యుద్ధ సామగ్రిగా చూస్తే మనిషి దేనికింద పడుకోవాలని అడుగుతున్నాయి. సహాయాన్ని అడ్డుకోకుండా సాగనివ్వడం ఇజ్రాయెల్ బాధ్యత అని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 అక్టోబరు 22న అభిప్రాయం చెప్పింది. ఇజ్రాయెల్ దాన్ని తిరస్కరించింది.

ఈ వాదనలో పరిశుద్ధ గ్రంథం ఏమైనా చెబుతుందా? చెబుతుంది. నిర్గమకాండం 22వ అధ్యాయంలో (26, 27) ఒక చిన్న చట్టం ఉంది. పేదవాడి పైవస్త్రాన్ని తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకే లోగా తిరిగి ఇచ్చేయాలి. రాత్రికి కప్పుకోవడానికి వాడికి ఇంకేముందని దేవుడే అడుగుతున్నాడు. గమనించండి, అప్పు అబద్ధమని ఈ చట్టం అనలేదు. అప్పిచ్చినవాడికి హక్కు లేదనీ అనలేదు. అప్పు నిజమే, హక్కు నిజమే. కానీ పొద్దుగూకితే ఆ హక్కు కన్నా చలి ముందుంటుంది! వాడు మంచివాడా చెడ్డవాడా, ఎవరి పక్షం అనే విచారణ రేపు ఉదయం చేసుకోవచ్చు. ఈ రాత్రికి మాత్రం దుప్పటి ఇవ్వాలి. తమ ప్రజల భద్రత కోసం భయపడే హక్కు ఇజ్రాయెల్ తల్లులకూ ఉంది. బందీల కుటుంబాలు రెండేళ్లు పడిన వేదన తక్కువది కాదు. అయినా పొద్దుగూకే వేళ ఒకటుంది. దాన్ని ఏ భద్రతా వాపలేదు, ఏ రాజకీయమూ ఆపలేదు.

తలుపులు తెరిస్తే ఏం జరుగుతుందో కూడా ఆ యుద్ధమే చూపించింది. 2024 జూలైలో గాజా మురుగు నీటిలో పోలియో వైరస్ కనబడింది. ఆగస్టులో పది నెలల పసివాడికి పక్షవాతం వచ్చింది. అక్కడ పాతికేళ్ల తర్వాత అదే మొదటి కేసు. సెప్టెంబరులో ఇరుపక్షాలూ ప్రాంతాలవారీగా కొన్ని గంటలు కాల్పులు ఆపాయి. పన్నెండు రోజుల్లో సుమారు 5 లక్షల 60 వేల మంది పిల్లలకు చుక్కల మందు అందింది. యుద్ధం ఆగలేదు, ఎవరూ ఎవరినీ క్షమించలేదు. అయినా బిడ్డల కోసం తలుపు తెరుచుకుంది. చుక్కల మందుకు సాధ్యమైనది దుప్పటికి, ఇసుక బస్తాకు, నీటి పంపుకు ఎందుకు సాధ్యం కాదు?

ఇప్పుడు మన సంగతి. మనలో చాలామంది ఇజ్రాయెల్ పేరు వినగానే బైబిల్ దేశం అని పక్షం వహిస్తాం. మరికొందరు మరో పక్షం వహిస్తారు. పక్షం తేల్చుకున్నాక ఎదుటివారి బిడ్డ మన కంటికి కనబడదు. వార్త ప్రవచనం అయిపోతుంది, మనిషి అంకె అయిపోతాడు. ప్రవచనాన్ని నమ్మడం తప్పు కాదు. కానీ ఆ ప్రవచనం చెప్పిన ప్రభువే పాలిచ్చే తల్లిని చూసి అయ్యో అంటే, ఆ ప్రవచనాన్ని చదివే మనం సూచన నెరవేరిందని సంబరపడటం ఏ విశ్వాసం? చలికి వణికేవాడితో సమాధానంగా వెళ్లు, వెచ్చగా ఉండు అని చెప్పి చేతికేమీ ఇవ్వకపోతే ఆ విశ్వాసం చచ్చినదేనని యాకోబు తేల్చేశాడు (యాకోబు 2:15-17).

అక్కడి సంఘం మనకు మాదిరి. యుద్ధానికి ముందు గాజాలో క్రైస్తవులు వెయ్యిమందే. గాజా నగరంలోని హోలీ ఫ్యామిలీ కేథలిక్ దేవాలయం వందలాది మందికి ఆశ్రయమిచ్చింది. వారిలో మదర్ థెరిసా స్థాపించిన సంఘపు సిస్టర్లు సాకుతున్న వికలాంగులైన పిల్లలూ ఉన్నారు. 2025 జూలై 17న ఆ దేవాలయం మీద గుండు పడి ముగ్గురు చనిపోయారు. పాదిరి గాయపడ్డారు, అయినా తన మందను విడిచిపోలేదు. 1882లో మిషనరీలు స్థాపించిన అల్ అహ్లీ ఆస్పత్రిని ఇప్పుడు యెరూషలేము ఆంగ్లికన్ డయోసిస్ నడుపుతోంది. 2025లో మట్టల ఆదివారం నాడు దాడికి గురైనా మళ్లీ రోగులను చూసింది. అక్కడికి వచ్చే రోగుల్లో ఎక్కువమంది ముస్లింలే. పొరుగువాడు ఎవరని వారు అడగలేదు.

2025 క్రిస్మస్ రోజున పోప్ 14వ లియో తన ప్రసంగంలో గాజా గుడారాలను గుర్తు చేశారు. యోహాను సువార్త 1:14లో వాక్యం మన మధ్య నివసించాడు అని మనం చదివే చోట మూలభాషలోని మాటకు గుడారం వేసుకున్నాడు అని అర్థం. దేవుడు మనుషుల దగ్గరికి వచ్చినప్పుడు రాతి కోట కట్టుకోలేదు, గుడారం వేసుకున్నాడు. మరి గుడారంలోకి నీళ్లొస్తే ఆయనకు తెలియదా?

మనమేం చేయగలం? చాలా దూరం అని తప్పించుకోలేం. మన ఊళ్ల నుంచి ఏటా యాత్రికులు యెరూషలేముకు, బేత్లెహేముకు వెళ్లి వస్తుంటారు. మన దేశం 2023 అక్టోబరు 22న సుమారు 6.5 టన్నుల మందులు, 32 టన్నుల సహాయ సామగ్రి పంపింది. అందులో గుడారాలు, టార్పాలిన్లు కూడా ఉన్నాయి. ప్రభుత్వం చేసిన పని విశ్వాసి చేయలేడా? పంపే ముందు నమ్మకమైన సంస్థ ఏదో విచారించి పంపుదాం. అంతియొకయ సంఘం కరువు వస్తుందని తెలియగానే ఎవరి శక్తికొద్దీ వారు పోగుచేసి బర్నబా, సౌలు వంటి నమ్మకస్తుల చేత పంపింది (అపొ.కా. 11:27-30). అది కరువు ముదిరాక చేసిన సాయం కాదు, హెచ్చరిక వినగానే చేసిన నిర్ణయం. సెల్‌ఫోన్లో వచ్చిన ద్వేషపు వీడియోను పదిమందికి పంపకుండా ఆపడమూ సాయమే. ప్రార్థనలో రెండు వైపుల తల్లులనూ పేరు పెట్టి తలచుకోవడమూ సాయమే. మన వీధి చివర టార్పాలిన్ కింద ఉంటున్న వలస కూలీ బిడ్డకు ఈ డిసెంబరులో ఒక దుప్పటి ఇవ్వకుండా గాజా కోసం కన్నీరు కార్చడం మాత్రం చెల్లదు.

పౌలు మరణానికి దగ్గరలో ఉండి చెరసాలలోంచి తిమోతికి రాసిన ఉత్తరంలో రెండు కోరికలున్నాయి (2 తిమోతి 4:13, 21). త్రోయలో వదిలి వచ్చిన పైవస్త్రం తీసుకురమ్మన్నాడు. చలికాలం రాకముందే రమ్మన్నాడు. అంతటి అపొస్తలుడికీ చలి వేస్తుంది! తిమోతి వసంతకాలంలో ఎంత ప్రేమతో వచ్చినా ఆ వస్త్రం అప్పుడు దేనికి? ప్రేమకూ ఒక వేళ ఉంటుంది. గాజాలో వరుసగా చలికాలాలు వచ్చి పోయాయి, ప్రపంచపు జాలి ప్రతిసారీ వాన వెలిశాకే చేరింది. మబ్బు ఏ నెలలో పడుతుందో మనకు ముందే తెలుసు. పొద్దుగూకక ముందే, చలికాలం రాకముందే మన చేయి చాచుదాం.