కొన్న ఆటకు మళ్లీ గేటు రుసుమా?

టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ పెట్టె కొనాలి. ఆ పెట్టెలో ఆడే ఆటను వేరే కొనాలి. ఇంటర్నెట్‌కు నెల నెలా బిల్లు కట్టాలి. ఇన్ని కట్టిన తర్వాత కూడా వేరే ఊళ్లో ఉన్న స్నేహితునితో కలిసి ఆడాలంటే పెట్టె తయారు చేసిన కంపెనీకి మరో చందా కట్టాలి. పట్నంలో ఉద్యోగాలు చేసే అన్నలు, అమెరికాలో ఉన్న మేనమామలు పంపగా ఈ పెట్టెలు కొన్ని పల్లెటూళ్లకూ చేరుతున్నాయి. ఈ చందా దేనికో పిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ముందుగా ఒక అపోహ తొలగిపోవాలి. ఇది సెల్‌ఫోన్లలో పేకాట ఆడి అప్పుల పాలయ్యే వ్యవహారం వంటిది కాదు. డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. పందెం లేని ఆటలకు చందా తీసుకోవడాన్ని ఆ చట్టమే అనుమతించింది. కాబట్టి ఈ వసూలు చట్టవిరుద్ధం కాదు. న్యాయమా కాదా అన్నదే ప్రశ్న.

ఈ పద్ధతిని స్థిరపరచింది అమెరికాకు చెందిన మైక్రోసాఫ్ట్ కంపెనీ. 2002 నవంబరులో ఎక్స్‌బాక్స్ లైవ్ పేరుతో సేవ ప్రారంభించి ఏడాదికి దాదాపు 50 డాలర్లు వసూలు చేసింది. జపాన్ కంపెనీ సోనీ అప్పుడు ఆ దారి పట్టలేదు. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 మీద నలుగురితో కలిసి ఆడుకోవడం ఉచితంగానే సాగింది. 2010లో ప్లేస్టేషన్ ప్లస్ అనే చందా పెట్టినా అది ఇష్టపడిన వారికి మాత్రమే. 2013లో ప్లేస్టేషన్ 4 తెచ్చినప్పుడు మాత్రం ఆన్‌లైన్‌లో కలిసి ఆడటానికి ఆ చందానే తప్పనిసరి చేసింది. మరో జపాన్ కంపెనీ నింటెండో 2017లో స్విచ్ అనే పెట్టెను అమ్మి, ఏడాదిన్నర పాటు ఉచితంగా ఆడనిచ్చి, 2018 సెప్టెంబరు నుంచి చందా మొదలు పెట్టింది. ఒకరు గేటు వేసి వసూలు చేయడం చూసి మిగిలిన ఇద్దరూ గేట్లు వేశారన్నమాట.

గేటు పడిన తర్వాత రేటు పెరగడం మామూలే. మన దేశంలో ప్లేస్టేషన్ ప్లస్ ప్రాథమిక చందా 2022లో ఏడాదికి 2,999 రూపాయలు. 2023 సెప్టెంబరులో దానిని 3,949 చేశారు. ఒక్కసారే 950 రూపాయల పెంపు.

సర్వర్ల నిర్వహణకు, మోసంతో ఆడేవారిని అరికట్టడానికి ఖర్చవుతుందని కంపెనీల తరఫున వాదించేవారు అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని అనేక ఆటల సర్వర్లను నడిపేది పెట్టె కంపెనీ కాదు, ఆట తయారు చేసిన కంపెనీ. కొన్ని ఆటలలో ఆడేవారిలో ఒకరి పెట్టే సర్వరు పని చేస్తుంది. అవే ఆటలను కంప్యూటరు మీద ఆడేవారు ఇటువంటి గేటు రుసుము ఏదీ కట్టడం లేదు.

అంతకన్నా విచిత్రం మరొకటి ఉంది. ఫోర్ట్‌నైట్ వంటి ఆటలను కంపెనీలు ఉచితంగా ఇస్తాయి. వాటిని ప్లేస్టేషన్ మీద ఆడటానికి చందా అక్కరలేదు. ఎక్స్‌బాక్స్ మీద కూడా 2021 ఏప్రిల్ నుంచి అక్కరలేదు. అంటే వేల రూపాయలు పోసి ఆట కొన్నవాడు గేటు దగ్గర మళ్లీ డబ్బు కట్టాలి. ఉచితంగా తెచ్చుకున్నవాడు నేరుగా లోపలికి పోవచ్చు. ఖర్చుల కోసమే వసూలు చేస్తున్నామనే మాట ఇక్కడ నిలబడదు. వారపు సంతలో అమ్మేవాడు ఆశీలు కడతాడు. సరుకు కొని ఇంటికి పట్టుకుపోయినవాడిని కూడా ఏటా ఆశీలు కట్టమంటే ఊరు ఊరుకుంటుందా?

చందాతో పాటు నెల నెలా కొన్ని ఆటలు ఇస్తున్నాం కదా అని మరో సమాధానం. ప్లేస్టేషన్ ప్లస్‌లో అలా వచ్చే ఆటలు చందా కట్టినంత కాలమే పని చేస్తాయి. మానేస్తే వాటికి తాళం పడుతుంది. అది కౌలు భూమే గాని సొంత పొలం కాదు. కౌలుకు ఇష్టమున్నవారు తీసుకుంటారు. సొంత పొలంలోకి పోయే దారికి కూడా కౌలు అడగడమే అన్యాయం.

వినియోగదారులు గట్టిగా అడిగితే ఫలితం ఉంటుందనడానికి నిదర్శనం లేకపోలేదు. 2021 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆరు నెలల చందాను 40 డాలర్ల నుంచి 60 డాలర్లకు పెంచుతున్నట్లు ప్రకటించింది. ఆడేవారు మండిపడటంతో ఒక్కరోజు తిరగకుండానే ఆ పెంపు వెనక్కు తీసుకుంది. ఉచిత ఆటలకు చందా ఎత్తివేస్తామని చెప్పింది కూడా అప్పుడే.

పల్లెటూరి కుటుంబాలకు అసలు ప్రమాదం మరోచోట ఉంది. ఈ చందా గడువు తీరగానే తనంత తానే మళ్లీ కోతకు వస్తుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజి రావాలి. ఒకసారి అనుమతి ఇచ్చిన తర్వాత 15,000 రూపాయల లోపు కోతలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. తండ్రి ఫోనుకు ఇంగ్లీషులో వచ్చే ఆ మెసేజిని పొలం పనుల్లో చూసేదెవరు? ఎరువుల కోసం దాచుకున్న డబ్బులో నుంచి దాదాపు 4,000 పోయిన తర్వాత ఇంట్లో గొడవ పడి లాభం లేదు. కార్డు నంబరు ఇచ్చిన రోజునే ఆటోమేటిక్ చెల్లింపును ఆపివేయడం మంచిది. అనుమతి లేకుండా కోత పడితే వెంటనే బ్యాంకుకు తెలపాలి. కంపెనీతో పేచీ తేలకపోతే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

ఒంటరిగా ఆడే ఆటలకు చాలా వరకు ఈ చందా అక్కరలేదు. ఒకే టీవీ ముందు కూర్చుని అన్నదమ్ములు ఇద్దరు ఆడుకోవడానికీ అక్కరలేదు. సంక్రాంతికి, వేసవి సెలవులకు మాత్రమే ఇంటికి వచ్చే విద్యార్థికి ఏడాది చందా దండగ. ఆ నెలకు మాత్రం కట్టి ఊరుకోవచ్చు. పెట్టె అమ్మే దుకాణదారులు ఈ సంగతులు ముందే చెప్పాలి.

డబ్బిచ్చి కొన్న ఆటకు గేటు రుసుము ఎత్తివేసి, అదనపు సౌకర్యాలను కావలసిన వారికే విడిగా అమ్మడం కంపెనీల కనీస ధర్మం. అది జరిగేదాకా, చందా సంగతిని పెట్టె మీద తెలుగులో, కంటికి కనిపించే అక్షరాలతో అచ్చు వేయాలి. కొడుకు ముచ్చట తీర్చాలని కొనే రైతుకు, మొత్తం ఖర్చు ఎంతో ముందే తెలుసుకునే హక్కు ఉంది.