ఒక్క సర్వర్ చాలు, కానీ అందరిదీ కావాలి

మన దగ్గర రీసెర్చ్ అనగానే మొదట వినిపించే మాట, "సిస్టమ్స్ సరిపోవు". నేను ఒప్పుకోను. సిస్టమ్స్ ఉన్నాయి, పంచుకునే పద్ధతే లేదు. మనకు కావాల్సింది సూపర్ కంప్యూటర్ కాదు. ఒక మంచి సర్వర్, దాన్ని వర్చువల్ మెషీన్లుగా విడగొట్టి నడిపే ఇద్దరు ముగ్గురు స్టూడెంట్లు ఉంటే చాలు.

వర్చువలైజేషన్ అంటే ఏంటో మా ఆర్మూర్ మాటలో చెప్తా. పసుపు తవ్వాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. అందుకని ప్రతి రైతూ బాయిలర్ కొనడు. కిరాయికి మాట్లాడుకుంటారు. ఒకరి పసుపు ఇంకొకరి కుప్పలో కలవదు. సర్వర్‌లో హైపర్‌వైజర్ చేసేదీ ఇదే. కాకపోతే వంతులవారీగా కాదు, ఒకేసారి అందరికీ ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ పంచి ఇస్తుంది. ఒక మెషీన్‌లో పాత ఉబుంటు, ఇంకోదాంట్లో కొత్తది. మీ పైథాన్ వెర్షన్ నా ప్రాజెక్టును పాడుచేయదు.

ఇదేం కొత్త సంగతి కాదు. 1960ల్లోనే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల మీద ఈ పని జరిగింది. 1972లో వీఎం/370 వచ్చింది. 2007 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే కేవీఎం ఉంది. దాని మీద నడిచే ప్రాక్స్‌మాక్స్ ఓపెన్ సోర్స్, లైసెన్స్ ఫీజు లేకుండానే వాడుకోవచ్చు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆప్షన్ ఆన్ చేసి, పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే ఆ తర్వాత పనంతా బ్రౌజర్‌లోనే.

మరి దాని మీద నడిపే పని ఏముంది? చాలా ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిలో నిలిచారు. పసుపు బోర్డు కావాలన్నది వాళ్ల ప్రధాన డిమాండ్. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ముందునుంచీ ఉంది. ఇంత చరిత్ర ఉన్న పంట మీద మన బ్రాంచ్‌ల నుంచి వచ్చిన లెక్కలు ఎన్ని?

ఉదాహరణకు, సెంటినల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం. 10 మీటర్ల వివరంతో, దాదాపు ఐదు రోజులకోసారి వస్తాయి. వాటితో ఏ మండలంలో పసుపు ఎంత వేశారో అంచనా కట్టొచ్చు. వానాకాలంలో మబ్బులు అడ్డమొస్తే సెంటినల్-1 రాడార్ చిత్రాలున్నాయి. ఆకుమచ్చ తెగులును ఫోటోల నుంచి గుర్తుపట్టే మోడల్ కూడా మన స్థాయి పనే. కానీ ఈ డేటా నాలుగు జీబీ ల్యాప్‌టాప్‌లో కదలదు.

నాకు అసలు బాధ స్పీడ్ గురించి కాదు, మిగలకపోవడం గురించి. ఒక సీనియర్ బ్యాచ్ పసుపు ఆకుల ఫోటోలు పొలం పొలం తిరిగి తీసి, లేబుల్ చేసి మోడల్ తయారుచేసింది. సెలవుల్లో ల్యాబ్ సిస్టమ్స్ ఫార్మాట్ చేశారు. ఇప్పుడు మిగిలింది స్పైరల్ బైండింగ్ రిపోర్టే. తర్వాతి బ్యాచ్ మళ్లీ సున్నా నుంచే. ఫలితాన్ని ఇంకొకరు మళ్లీ రాబట్టలేకపోతే దాన్ని సైన్స్ అని ఎట్లా అంటాం?

దీనికి జవాబు పసుపులోనే ఉంది. పసుపును గింజతో వేయరు. నిరుటి కొమ్మో మండో నాటుతారు. కొత్త మొక్క తల్లికి అచ్చం నకలు. వర్చువల్ మెషీన్ టెంప్లేట్ కూడా అంతే. సాఫ్ట్‌వేర్, లైబ్రరీలు, సెట్టింగులన్నీ సరిచేసిన మెషీన్‌ను ఒకటి దాచిపెడితే, జూనియర్ క్లోన్ చేసుకుని అదే రోజు పని మొదలుపెడతాడు. విత్తనంలో తెగులుంటే పొలమంతా పాకుతుంది కాబట్టి రైతు విత్తనశుద్ధి చేస్తాడు. మనమూ టెంప్లేట్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి, పాస్‌వర్డ్‌లు అందులో వదిలేయకూడదు.

"అన్నా, క్లౌడ్ ఉండంగ గీ డబ్బాతో పనేంది?" అని ఒక జూనియర్ అడిగాడు. మంచి ప్రశ్నే. నాలుగు రోజులు పెద్ద జీపీయూ కావాలంటే క్లౌడే నయం. కానీ ఏడాది పొడవునా నడిచే పనికి నెలనెలా బిల్లు ఎవరు కడతారు? ఫ్రీ క్రెడిట్స్ అయిపోయిన రోజు ప్రాజెక్టు ఆగిపోతుంది. ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ లాంటి సూపర్ కంప్యూటర్ ఉంది, నిజమే. కానీ అక్కడికి వెళ్లేలోపు చిన్న మెషీన్ మీద చేయి తిరగాలి కదా.

ఆశలు మాత్రం అదుపులో ఉండాలి. వర్చువలైజ్ చేసినంత మాత్రాన 64 జీబీ ర్యామ్ 128 అవదు. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. డిస్క్ పోతే రెండూ పోతాయి, కాబట్టి రాత్రి బ్యాకప్ వేరే మెషీన్‌లోకి వెళ్లాలి. యూపీఎస్ లేకుండా, ఎండాకాలంలో గాలాడని గదిలో సర్వర్ పెట్టడమంటే దాన్ని చేజేతులా చంపుకోవడమే.

నా ప్రతిపాదన సింపుల్. ఒక సర్వర్, మూడు మెషీన్లతో మొదలుపెడదాం: ఒకటి ఆర్, పైథాన్‌కి, ఒకటి మ్యాపుల పనికి, ఒకటి జూనియర్లు ధైర్యంగా పాడుచేసి నేర్చుకోవడానికి. సెకండియర్ నుంచి ఒకరు, థర్డియర్ నుంచి ఒకరు బాధ్యులు. ఏం ఇన్‌స్టాల్ చేశాం, ఎందుకు చేశాం, ఎక్కడ ఆగింది అన్నది ఒక నోట్‌బుక్‌లో తెలుగులో రాయాలి. ఈ చివరి పని మన సాహితీ క్లబ్‌ది. కథలూ కవితలూ రాస్తున్నాం, సంతోషం. మన పని మనవాళ్లకు అర్థమయ్యేలా రాసిపెట్టడం కూడా తెలుగు సేవే.

సర్వర్‌కి డబ్బులు అడిగే లెటర్ నేను డ్రాఫ్ట్ చేస్తా. సంతకాలు పెట్టేవాళ్లు, నోట్‌బుక్ రాసేవాళ్లు ముందుకు రండి.