గురి తప్పేది ఎక్కడ?

2024 ఆగస్టు 4వ తేదీ. పారిస్ నగరంలో ఇన్వాలిద్ భవనాల ఎదుట ఉన్న మైదానంలో ఒలింపిక్ క్రీడల పురుషుల విలువిద్య చివరి పోటీ జరుగుతున్నది. అయిదు సెట్లు ముగిసేసరికి దక్షిణ కొరియాకు చెందిన కిమ్ వూ-జిన్, అమెరికాకు చెందిన బ్రాడీ ఎల్లిసన్ 5-5తో సమానంగా నిలిచారు. ఇక చెరొక బాణమే మిగిలింది. ఇద్దరి బాణాలూ పది పాయింట్ల వలయంలోనే నాటుకున్నాయి. అప్పుడు కొలత వేసి చూశారు. కిమ్ బాణం ఎల్లిసన్ బాణం కంటే 4.9 మిల్లీమీటర్ల మేరకు కేంద్రానికి దగ్గరగా ఉంది. స్వర్ణ పతకం కిమ్‌కు దక్కింది.

అంతకు కొద్ది రోజుల ముందు అదే మైదానంలో విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్‌కు ఇలాంటి పరీక్షే ఎదురైంది. కెనడాకు చెందిన ఎరిక్ పీటర్స్‌తో పోటీ 5-5కు చేరింది. చివరి బాణంతో ఇద్దరూ పది పాయింట్లు సాధించారు. పీటర్స్ బాణం కేంద్రానికి మరింత దగ్గరగా ఉండటంతో ధీరజ్ వెనుదిరగవలసి వచ్చింది. తరువాత మిశ్రమ జట్టు పోటీలో అంకితా భకత్‌తో కలిసి అతడు నాలుగో స్థానంలో నిలిచాడు. ఒలింపిక్ విలువిద్యలో భారత జట్టు పతకానికి అంత చేరువగా వెళ్ళడం అదే మొదటిసారి. కాంస్యం మాత్రం చేజారింది.

ఇటువంటి ఓటముల తరువాత రెండు మాటలు వినబడుతుంటాయి. ‘మనకు అదృష్టం లేదు’ అన్నది ఒకటి. ‘మనవాళ్ళకు గుండె ధైర్యం చాలదు’ అన్నది రెండవది. ఈ రెండూ సరైన మాటలు కావు. మొదటి మాట శ్రమను మరిపిస్తుంది. రెండవది నేరమంతా గీత మీద నిలబడిన ఒక్క మనిషి మీదనే మోపుతుంది.

ఒలింపిక్ క్రీడలలో విలుకాడు 70 మీటర్ల దూరం నుంచి బాణం వదలాలి. లక్ష్యఫలకం అడ్డుకొలత 122 సెంటీమీటర్లు. అందులో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 12.2 సెంటీమీటర్లు మాత్రమే. మొదట ఒక్కొక్కరూ 72 బాణాలు వేస్తారు. ఆ పాయింట్లను బట్టి వరుస నిర్ణయిస్తారు. ఆ తరువాత ఇద్దరిద్దరి మధ్య పోటీలు జరుగుతాయి. ఓడినవారు వైదొలగవలసిందే.

పారిస్‌లో మొదటి దశలో మన పురుషుల జట్టు మూడవ స్థానంలోను, మహిళల జట్టు నాలుగవ స్థానంలోను నిలిచాయి. ధీరజ్ 681 పాయింట్లతో నాలుగవవాడు. అంటే గురి చూడటంలో మనవారు ప్రపంచంలో ఎవరికీ తీసిపోరు. కాని ముఖాముఖి పోటీలు మొదలు కాగానే మహిళల జట్టు నెదర్లాండ్స్ చేతిలో, పురుషుల జట్టు తుర్కియే చేతిలో ఓడిపోయాయి. లోపం చేతిలో లేదు, కంటిలో లేదు. ఒక్క బాణంతో అంతా తేలిపోయే ఘడియలో నిలబడే అలవాటు తగినంతగా లేదు. అలవాటు పుట్టుకతో రాదు, దానిని కల్పించాలి.

దక్షిణ కొరియా ఆ పని చేసి చూపింది. మహిళల జట్టు పోటీ ప్రారంభమైన 1988 నుంచి 2024 వరకు పదిసార్లూ స్వర్ణం ఆ దేశానిదే. పారిస్‌లో విలువిద్యలోని అయిదు స్వర్ణాలూ ఆ దేశానికే దక్కాయి. అక్కడ జట్టులో చోటు కోసం ప్రతి ఒక్కరూ మళ్ళీ మొదటి నుంచి పోటీపడాలి. టోక్యో క్రీడలలో మూడు స్వర్ణాలు గెలిచిన ఆన్ సాన్‌కు పారిస్ జట్టులో చోటు దొరకలేదు. ఆ జట్టులోని ముగ్గురు యువతులకూ అవే తొలి ఒలింపిక్ క్రీడలు. అయినా స్వర్ణం తెచ్చారు. ప్రేక్షకుల కోలాహలం నిండిన బేస్‌బాల్ మైదానాలలో కూడా కొరియా విలుకాండ్రకు సాధన చేయిస్తారు. అందువల్ల పెద్ద పోటీలోని సందడి వారికి కొత్తగా అనిపించదు.

గతంలో గెలిచినవారిని అలా పక్కన పెట్టడం కృతఘ్నత కాదా అని కొందరు అడగవచ్చు. గెలిచినవారిని గౌరవించవలసిందే. అయితే ఆ గౌరవం కోసం రేపటి జట్టులో చోటు కేటాయించితే, ఎక్కడో మారుమూల సాధన చేస్తున్న పిల్లవాడి చోటు పోతుంది.

విలువిద్య తమ సొంతమని భారతీయులు గర్వపడటం సహజమే. అర్జునుని పేర దేశం క్రీడాకారులకు పురస్కారం ఇస్తున్నది. గోదావరి లోయలోని కోయలు మొదలుకొని రాజస్థాన్ భిల్లుల వరకు ఎందరో తరతరాలుగా విల్లు పట్టినవారే. ఉదయపూర్ ప్రాంతపు గిరిజన కుటుంబంలో పుట్టిన లింబారాం వెదురు విల్లుతో వేటాడుతూ పెరిగాడు. తగిన శిక్షణ దొరికాక మూడు ఒలింపిక్ క్రీడలలో దేశం తరఫున నిలిచాడు. రాంచీకి చెందిన దీపికా కుమారి తండ్రి ఆటోరిక్షా నడిపేవాడు. జంషెడ్‌పూర్‌లోని శిక్షణాలయంలో ఆమెకు విల్లు, భోజనం, వసతి లభించాయి. 2012లో ఆమె ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. వెదురు విల్లుతో ఒలింపిక్ లక్ష్యాన్ని కొట్టలేరు. పోటీలలో వాడే విల్లు ధర సామాన్య కుటుంబానికి అందనిది. వీరిద్దరినీ ఎవరో గుర్తించి విల్లు చేతికిచ్చారు. గుర్తించేవారు లేక మిగిలిపోయినవారి లెక్క ఎవరి దగ్గరా లేదు.

శిక్షణ, అవకాశం కలిసివస్తే ఏమి జరుగుతుందో 2023లో హాంగ్‌జౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలు చూపాయి. అక్కడ భారతదేశం విలువిద్యలో అయిదు స్వర్ణాలతో సహా తొమ్మిది పతకాలు గెలుచుకున్నది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ ఒక్కతే మూడు స్వర్ణాలు సాధించింది. నాగపూర్‌కు చెందిన ఓజస్ దేవతలే మూడు స్వర్ణాలు గెలిచాడు. ఆ అయిదు స్వర్ణాలూ కప్పీలు అమర్చిన కాంపౌండ్ విల్లుతో వచ్చినవే. ఆ విల్లుకు ఒలింపిక్ క్రీడలలో చోటు లేదు. 2028లో లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారిగా మిశ్రమ జట్టు పోటీకి మాత్రం దానిని అనుమతిస్తున్నారు.

ధీరజ్ ఓడిన ఆ ఇన్వాలిద్ మైదానంలోనే, 2024 సెప్టెంబరులో జరిగిన పారాలింపిక్ క్రీడలలో హర్యానాకు చెందిన హర్విందర్ సింగ్ స్వర్ణం గెలిచాడు. అతని కాళ్ళలో పటుత్వం లేదు. చివరి పోటీలో 6-0తో నెగ్గాడు. పుట్టుకతోనే చేతులు లేని కశ్మీరు బాలిక శీతల్ దేవి కాలితో విల్లు పట్టి, రాకేశ్ కుమార్‌తో కలిసి అక్కడే కాంస్యం సాధించింది. మనవాళ్ళకు ధైర్యం చాలదన్న మాటకు ఇంతకంటె సమాధానం అక్కరలేదు.

కాబట్టి కావలసినవి మూడు. విల్లు పట్టాలనుకునే పిల్లలకు అందుబాటులో మైదానమూ పరికరమూ ఉండాలి. ఎంపికలో పేరును కాక ఆనాటి పాయింట్లను చూడాలి. పెద్ద పోటీకి ముందు చిన్న పోటీలు అనేకం జరగాలి. ఈ మూడూ లేకుండా పతకం రాలేదని విలుకానిని నిందించడం తగదు.

ద్రోణుని పరీక్షలో పక్షి కన్ను మాత్రమే చూసిన అర్జునుని కథ అందరూ చెప్పుకుంటారు. ఆ ఆశ్రమంలో చోటు దొరకక, అడవిలో ఒంటరిగా సాధన చేసి, చివరకు బొటనవేలు పోగొట్టుకున్న ఏకలవ్యుని కథ కూడా ఆ గ్రంథంలోనే ఉంది. నాలుగున్నర లేదా అయిదు మిల్లీమీటర్ల దూరంలో పతకం చేజారినప్పుడు దేశం గుర్తుచేసుకోవలసింది ఈ రెండవ కథను.