ఎర్ర దీపం ఏం చెబుతుంది?

పిల్లలూ! గోదావరిఖనిలో మీ నాన్నగారో, తాతగారో భూగర్భ గనిలో పనిచేసి ఉంటే, వారు టోపీకి తగిలించుకునే దీపం సంగతి మీకు తెలిసే ఉంటుంది. షిఫ్టు ముగించుకొని పైకి రాగానే ఆ దీపాన్ని లాంపు రూములో అప్పగిస్తారు. అక్కడ దాని బ్యాటరీని చార్జింగుకు పెడతారు. చార్జింగు లేని దీపంతో ఎవరూ గనిలోకి దిగరు.

మరి ఆ మనిషే రెండో షిఫ్టు దిగి, రాత్రివేళ పాత మోటారు సైకిలు మీద ఇంటికి వస్తున్నాడనుకోండి. ఆ బండికి లాంపు రూము ఎక్కడుంది? బండిలోనే ఉంది! దాని పేరు డైనమో. బండి పరుగెత్తుతూ ఉంటే అది బ్యాటరీని నింపుతూ ఉంటుంది. అది పని మానేస్తే హెడ్‌లైటు మసకబారుతుంది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అప్పుడు చాలామంది ఏం చేస్తారు? వెంటనే కొత్త బ్యాటరీ కొంటారు. కొద్దిరోజులకే అదీ దిగిపోతుంది. రోగం ఎక్కడుందో చూడకుండా మందు వేస్తే నయమవుతుందా?

కనుక ఈ నెల మనం ఆ రోగాన్ని వెదికే పద్ధతి తెలుసుకుందాం. ఉదాహరణకు పాత జావా 250 బండిని తీసుకుందాం. మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి ఈ బండ్లను తయారుచేసింది. 1973 నుంచి అక్కడి బండ్లు యెజ్డీ అనే పేరుతో వచ్చాయి. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అయినా ముచ్చటపడి కాపాడుకునేవారి దగ్గర ఆ పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

అయస్కాంతం దగ్గర తీగచుట్టను తిప్పితే తీగలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. జావా ఇంజను పక్క మూత కింద ఉన్న డైనమోలో జరిగేది ఇదే. ఇంజనుతోపాటు తీగచుట్ట గిర్రున తిరుగుతుంది. అందులో పుట్టిన విద్యుత్తును బయటికి తెచ్చేవి చిన్న కార్బన్ బ్రష్షులు. బ్రష్షు అంటే కుంచె అనుకునేరు! అవి కార్బన్ ముక్కలు, మన బొగ్గుకు దగ్గర చుట్టాలు. తిరిగే రాగి చక్రాన్ని అవి స్ప్రింగుల బలంతో ఒరుసుకుంటూ ఉంటాయి.

మన రామగుండం ఎన్.టి.పి.సి.లో జరిగేది కూడా ఫారడే చెప్పినదే. అక్కడ మొదటి యూనిట్ 1983లో మొదలైంది. ఏడు యూనిట్లూ కలిపి 2,600 మెగావాట్లు. మన జావా డైనమో 45 వాట్లు. భాగించి చూడండి: సుమారు 5 కోట్ల 78 లక్షల డైనమోలు కలిస్తే గాని ఆ స్టేషనుకు సాటిరావు!

డైనమోకూ బ్యాటరీకీ మధ్య రెగ్యులేటర్ అనే కాపలాదారు ఉంటాడు. వాడికి పనులు రెండు. డైనమో వోల్టులు మితిమీరకుండా చూడడం ఒకటి. ఇంజను ఆగినప్పుడు బ్యాటరీలోని విద్యుత్తు వెనక్కి డైనమోలోకి పారకుండా తలుపు మూయడం రెండవది.

ఇక ఎర్ర దీపం. దీని సంగతి తెలియాలంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి, ఒకదానిలోనే నీరు పోయండి. సన్నని రబ్బరు గొట్టాన్ని నీటితో నింపి, దాని చెరొక కొస చెరొక గ్లాసులో ముంచండి. నీరు నిండు గ్లాసు నుంచి ఖాళీ గ్లాసుకు పారుతుంది. రెండింటి మట్టమూ సమానం కాగానే ఆగిపోతుంది.

ఎర్ర దీపం ఆ గొట్టం వంటిది. దాని ఒక కొస బ్యాటరీకి, రెండవది డైనమోకి కలిపి ఉంటుంది. తాళం తిప్పగానే బ్యాటరీలో వోల్టులున్నాయి, డైనమోలో లేవు. అందుచేత విద్యుత్తు పారి దీపం వెలుగుతుంది. ఇంజను వేగమందుకొని డైనమో వోల్టులు బ్యాటరీతో సమానం కాగానే దీపం ఆరిపోతుంది. చూశారా, ఈ దీపం ఆరితేనే మంచిది!

ఇప్పుడు పరీక్ష మొదలుపెడదాం. ముందు ఖర్చులేనివి చూడాలి.

మొదట బ్యాటరీ. దానిలో ద్రవం మట్టం తగ్గిందా? కొసల మీద తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకుందా? బండి చట్రానికి కలిపిన తీగ వదులైందా? సగం రోగాలు ఇక్కడే కుదురుతాయి. తరువాత బ్యాటరీని బయట నిండా చార్జి చేయించి, బండికి తగిలించకుండా ఒక రాత్రి ఉంచి, వోల్టుమీటరు పెట్టండి. 6.3 వోల్టులకు తగ్గకుండా ఉంటే బ్యాటరీ నిలుపుకొంటున్నదన్నమాట. 6 కంటే కిందికి జారితే బ్యాటరీదే లోపం.

రెండవది ఎర్ర దీపం. తాళం తిప్పినా వెలగలేదా? బల్బు పోయి ఉండాలి, లేదా తీగ తెగి ఉండాలి, లేదా బ్రష్షు అరిగి రాగి చక్రాన్ని తాకడం లేదు. ఇంజను వేగం పెంచినా ఆరడం లేదా? డైనమో విద్యుత్తు పుట్టించడం లేదు. అప్పుడు మూత తీయించి బ్రష్షులను, మసి పట్టిన రాగి చక్రాన్ని చూడాలి. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు దీపం కొద్దిగా వెలిగితే కంగారుపడకండి, అది సహజమే.

మూడవది వోల్టుమీటరు. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు బ్యాటరీ కొసల మధ్య వోల్టులు పెరిగి 7 దాకా రావాలి. పెరగకపోతే డైనమోనో, రెగ్యులేటరో చెడింది. 7.5 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పింది. బల్బులు మాడుతాయి, బ్యాటరీలో నీరు త్వరగా ఇంకుతుంది.

ఏ లోపమూ లేకుండా కూడా బ్యాటరీ దిగిపోవచ్చు. హెడ్‌లైటు, వెనక దీపం, ఇంజనులో నిప్పురవ్వ, అన్నీ కలిసి 42 వాట్లు తింటాయనుకోండి. 42ను 6తో భాగిస్తే 7 ఆంపియర్లు. బ్యాటరీ 14 ఆంపియర్-గంటలది. అంటే లెక్క ప్రకారం 2 గంటలు! క్వార్టర్ల నుంచి గని దాకా దీపం వేసుకొని మెల్లగా వెళ్ళి వస్తే, డైనమో పెట్టేదానికంటే బ్యాటరీ ఇచ్చేదే ఎక్కువ. ఇటువంటి బండికి అప్పుడప్పుడు పగటిపూట దూరప్రయాణమే మందు.

ఒక హెచ్చరిక. చార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది నిప్పు తగిలితే పేలుతుంది. గనిలో మీథేన్ వాయువుకు భయపడి అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు కదా? ఇక్కడా అదే నియమం. బ్యాటరీలో ఉన్నది ఆమ్లం, కళ్ళకు, చర్మానికి ప్రమాదం. కనుక చేతులు పెద్దలవి, కళ్ళూ లెక్కలూ మీవి. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ తీగ మాత్రం ఎవరూ ఊడదీయకూడదు.

ఇక మీకొక ప్రశ్న. బ్యాటరీ మంచిది. పగలు బండి నడిచినంతసేపూ ఎర్ర దీపం ఆరే ఉంది. రాత్రి తాళం తీసి బండిని ఇంట్లో పెట్టారు. తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ! మొదట ఎవరిని అనుమానించాలి? పైన కాపలాదారు రెండవ పని ఏమిటో మళ్ళీ ఒకసారి చదివి జవాబు చెప్పండి.