కుందేలు కంటే ముందు గూడు

పిల్లల పోరు పడలేక పట్నం నుంచి తెల్లకుందేలు పిల్లను తెచ్చే ఇళ్లు పల్నాడు పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. రంగుచేపలు, లవ్‌బర్డ్స్ అమ్మే దుకాణాల్లో పిల్లతోపాటు ఒక ఇనుప తీగల పంజరాన్ని కూడా అంటగడతారు. అది రెండు మూరల పొడవుంటే గొప్ప. మాఘమాసంలో వచ్చిన పిల్ల రోహిణి కార్తె దాటితే ఆ ఇంటివారి అదృష్టం. చచ్చిపోతే దిష్టి తగిలిందనో, కుందేలు తమకు అచ్చిరాలేదనో సరిపెట్టుకుంటారు. దిష్టీ లేదు, గిష్టీ లేదు. చాలా ఇళ్లలో దాన్ని చంపేది ఆ పంజరమూ, ఆ పంజరాన్ని పెట్టిన చోటూను.

చేలగట్ల మీద కనిపించే చెవులపిల్లి వేరు, ఇంట పెరిగే కుందేలు వేరు. చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డి దుబ్బుల చాటున నక్కి, అలికిడి కాగానే పరుగు లంకించుకుంటుంది. (దాన్ని పట్టి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమన్న సంగతి చాలామంది పట్టించుకోరు.) పెంపుడు కుందేలు మూలం యూరపు అడవి కుందేలు. అది నేలను తవ్వి బొరియల్లో గుంపుగా కాపురముండే జాతి. ఎండ కాచినా, శత్రువు వచ్చినా దానికి దిక్కు బొరియే. అలాంటి జీవిని నాలుగువైపులా తెరిచివున్న పంజరంలో పెట్టి వసారాలో వేలాడదీస్తే, వీధికుక్క మొరిగినప్పుడల్లా దాని గుండె అదురుతూనే ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద గండం ఎండ. రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతా ఎరిగినదే. కుందేలుకు మనిషిలా చెమట పట్టదు. ఒంటి వేడి ఎక్కువగా చెవుల ద్వారానే పోవాలి. 30 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది, 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. రేకుల షెడ్డులో గాని, పగలంతా కాగి రాత్రి కూడా సెగలు కక్కే డాబా పైగదిలో గాని దాన్ని ఉంచడమంటే పెనం మీద పెట్టినట్టే. ఈ విషయంలో పాత పెంకుటింటి నడిమి గదిని మించినది లేదు. మట్టిగోడ, కింద నాపరాయి, కిటికీకి తడిపిన గోనెపట్టా ఉంటే చాలు. నాపరాయి చలవ చేస్తుంది గాని కాలు జారుతుంది కాబట్టి, సగం మేర గోనెసంచి పరవాలి. ఘాటు పోని మిరపకాయల గోనెలు మాత్రం పనికిరావు. పడుకోబెట్టిన పెద్ద మట్టిబానను మించిన బొరియ కూడా లేదు. మూతి పగిలినదైనా అంచులు నున్నగా అరగదీస్తే సరిపోతుంది. కుందేలు నోరు తెరిచి రొప్పుతుంటే చెవులను తడిగుడ్డతో తుడిచి, ఆలస్యం చేయకుండా పశువుల ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇక తీగల నేల సంగతి. మాంసం కోసం వందల కుందేళ్లను పెంచేచోట పెంట కింద పడిపోయి శుభ్రం చేయడం తేలికవుతుందని ఆ ఏర్పాటు చేశారు. అది పెంచేవాడి సౌకర్యమే గాని కుందేలు సౌకర్యం కాదు. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు పాదాలకు మెత్తలు ఉండవు, బొచ్చే ఆధారం. నాలుగు కిలోల దాకా పెరిగే న్యూజిలాండ్ వైట్ జాతి కుందేలు రాత్రింబగళ్లు తీగల మీద కూర్చుంటే మడమలు ఒరిసి పుండ్లు పడతాయి. ఇప్పటికే పంజరం కొన్నవారు అడుగున చెక్క వేసి, తలుపు తీసి ఉంచితే అదే పడక అవుతుంది.

గదిలో ఒక మూల మూడడుగుల ఎత్తున దడి కడితే పని అయిపోతుంది. కుందేలు వరసగా మూడు గెంతులు వేయగలగాలి, వెనకకాళ్ల మీద నిలబడితే చెవులు దేనికీ తగలకూడదు. అంటే కనీసం ఆరడుగుల పొడవు కావాలి. దానికి జీవితాంతం పళ్లు పెరుగుతూనే ఉంటాయి కనుక కొరకడం మానదు. కరెంటు తీగలు అందనీయరాదు, గడ్డి ఎప్పుడూ ముందుండాలి. మిరపచేల గట్ల మీద మందు పడిన గడ్డి కోసుకొస్తే మాత్రం గూడు ఎంత బాగున్నా లాభం లేదు. కుందేలు సాధారణంగా ఒకేచోట మూత్రం పోస్తుంది. అక్కడ పాత పళ్లెంలో వరిగడ్డి వేసి రోజూ మార్చితే గది కంపు కొట్టదు. రాత్రి తలుపు వేయకపోతే పిల్లులు, పందికొక్కులు వదలవు.

కుందేలు ఒంటరిగా ఉండలేదన్నది నిజమే. అయితే ఆడ, మగ కలిపి ఉంచితే నెలకొక ఈత తప్పదు. ఒకే ఈతలో పుట్టిన రెండు ఆడవి చాలావరకు సర్దుకుంటాయి.

గేదెలకే సరైన కొట్టం లేనిచోట కుందేలుకు మహలు కావాలా అనే పెద్దలున్నారు. పాత బాన, నాలుగు చెక్కలు, రెండు గోనెలు కలిపినా దుకాణంవాడు అంటగట్టే పంజరమంత ఖరీదు కావు. కదలడానికి చాలని పంజరంలో జంతువును బంధించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. అయినా అమ్మేవాడు ఆ మాట చెప్పడు, కొనేవాడు అడగడు. ఆ మూల ఖాళీ చేయడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే, పిల్లల పోరును మరో ఏడాది ఓర్చుకోవడమే మేలు.